నట్లు వెచ్చబెట్టిన చలికాలం

మా బావమరిదికి కీమో మొదలయ్యే ముందురోజు సాయంత్రం నేనొక తప్పు చేశాను. చాలా పద్ధతిగా చేశాను కాబట్టి అది తప్పని ఆ పూట నాకు తెలియలేదు.

అతను మా ఆవిడకి తమ్ముడు. యాభై ఎనిమిదేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. ఆటోనగర్‌లో లారీ ఇంజన్లు విప్పి బాగుచేసే షెడ్డు ఉంది, షెడ్డు మీది గదిలోనే కాపురం. పెద్దపేగులో గడ్డ ఉందని తేలితే ఆపరేషన్ చేసి తీసేశారు. అది బాగానే జరిగింది. కంటికి కనపడనిదేమైనా మిగిలి ఉంటే దానికోసమని, మూడు వారాలకొకసారి చొప్పున ఎనిమిదిసార్లు కీమో ఎక్కించాలన్నారు. ఆ ఆరు నెలలూ భవానీపురంలో మా ఇంట్లోనే ఉండాలని మా ఆవిడ తీర్మానం చేసింది. అతను ఒప్పుకున్నాడో లేదో ఎవరూ అడగలేదు.

నేను నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగం మొదట్లో కాలవ లాకుల దగ్గర నీటి మట్టం పొద్దునా సాయంత్రం చూసి పుస్తకంలో ఎక్కించేవాణ్ణి. అప్పుడు పట్టుకున్న డైరీ అలవాటు ఇప్పటికీ వదల్లేదు. ఆసుపత్రివాళ్ళు కీమో గురించి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. దాన్ని రెండు రోజులు కూర్చుని చదివి, స్కేలుతో గళ్ళు గీసి, ఏ ఇబ్బంది రావచ్చు, ఎన్నో రోజున రావచ్చు, వస్తే ఏం చేయాలి అని మూడు వరసలుగా పట్టిక తయారుచేశాను. ఇరవై మూడు అంశాలు తేలాయి. ముందే తెలిసి ఉంటే మనిషికి ధైర్యంగా ఉంటుందని నా నమ్మకం. సాయంత్రం టీ తాగుతూ ఉంటే ఎదురుగా కూర్చుని ఒకటి నుంచి ఇరవై మూడు దాకా చదివి వినిపించాను.

అతను విన్నాడు. మధ్యలో ఎక్కడో టీ గ్లాసు కింద పెట్టాడు, మళ్ళీ తీయలేదు. చివర్లో, "బాగా రాశారు బావగారూ, దస్తూరి ముత్యాల్లాగా ఉంది," అన్నాడు. అన్నం వద్దని పడుకున్నాడు.

తెల్లారి లేచేసరికి మనిషి లేడు. దుప్పటి మడతపెట్టి ఉంది. చెప్పులు లేవు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి నావైపే చూస్తోంది.

"వాడికి నాలుగు ధైర్యం మాటలు చెప్పండి అంటే, ఛార్జిషీటు చదివారు."

"ఉన్నవే కదా చదివాను."

"ఉన్నవన్నీ ఒక్కసారే చదువుతారా? పెళ్ళిచూపుల్లో నా సంగతులన్నీ వరసపెట్టి చెప్పుంటే మీరు అటునించటే బస్సెక్కి పోయేవాళ్ళు."

ఆసుపత్రికి ఫోన్ చేసి ఇవాళ రాలేమని చెప్పాను. కంగారుపడొద్దు, ఎల్లుండి తీసుకురండి, కానీ అంతకన్నా ఆలస్యం చేయొద్దు అన్నారు. ఆటో ఎక్కి ఆటోనగర్ వెళ్ళాను.

పొద్దున తొమ్మిదికే ఆ వీధులు మోగిపోతుంటాయి. ఒకచోట సుత్తి, ఒకచోట వెల్డింగు, ఇంకోచోట వెనక్కి వెళ్ళే లారీ. అతని షెడ్డు తలుపు సగం దించి ఉంది. వంగి లోపలికి వెళితే, ఎత్తుబల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముందర ఒక ఇనప గొట్టం నిలబెట్టి ఉంది. ఇంజన్లో పిస్టన్ కదిలేది అందులోనే, దాన్ని లైనరు అంటారు. అతను కళ్ళు మూసుకుని లోపలివైపు వేలితో మెల్లగా తడుముతున్నాడు. నేను వచ్చినట్టు తెలిసినా ఆపలేదు.

"ఏమయ్యా, అక్కడ మీ అక్క ఏడుస్తోంది," అన్నాను. ఆవిడ ఏడవటం లేదు, నన్ను తిడుతోంది. ఆ పూట అబద్ధం అలా వచ్చేసింది.

"బావగారూ, ఇలా రండి. చెయ్యి పెట్టండి ఇందులో."

పెట్టాను.

"ఎట్టా ఉంది?"

"నున్నగా ఉంది."

"నున్నగా ఉందా? ఇంకొంచెం కింద. ఆ, అక్కడ. అక్కడొక గీత ఉంది."

నా వేలికి ఏమీ తగల్లేదు. చెప్పాను.

"మీకు తెలీదు. కంటికి కూడా సరిగ్గా కనపడదు. నా వేలికి తెలుస్తది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నేను తింటన్న కూడు ఇదే." గొట్టం మీద అరచెయ్యి వేసి ఉంచాడు. "నిన్న చదివారుగా. వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి, స్పర్శ తగ్గొచ్చు, కొందరికి చాలాకాలం ఉండిపోవచ్చు అని. రేపట్నించి నాకూ ఇది నున్నగానే ఉంటది. అప్పుడు బతికి నేనేం పీకాలి?"

పదిహేడో అంశం అది. వాంతులూ నీరసమూ జుట్టూ నోటిపూతా, వాటి దగ్గర ఆగి ఆగి చదివాను. పదిహేడోది మాత్రం తేలిగ్గా చదివేశాను. వేళ్ళు కాస్త తిమ్మిరెక్కితే ఏముందిలే అనుకున్నాను. అతను వాంతులకి భయపడలేదు, చావుకి కూడా అంతగా భయపడినట్టు లేదు. ఇరవై మూడింట్లో ఒక్కదాని దగ్గర ఆగిపోయాడు. ఏ వాక్యం దగ్గర ఆగావయ్యా అని నేను అడగలేదు.

పక్కనున్న డబ్బా బోర్లించి దానిమీద కూర్చున్నాను. "ఈ మాట డాక్టరమ్మకి చెప్పావా?" అన్నాను.

"ఆమెకి లైనరు గురించి ఏం తెలుస్తది?"

"వేళ్ళ గురించి తెలుస్తుందిగా. అడుగుదాం. ఆమె ఏం చెప్పినా, ఆ తర్వాత వద్దంటే నేను నిన్ను బలవంతపెట్టను. మీ అక్కకి కూడా నేనే చెప్తాను."

"అక్కకి మీరు చెప్తారా?" మొదటిసారి నవ్వాడు. "అంత ధైర్యం ఎప్పట్నించి?"

మర్నాడు డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మా అమ్మాయి వయసు ఉంటుందేమో. అతను చెప్పిందంతా తొందరపెట్టకుండా విన్నది. చెయ్యి చాపమని, ఒక్కొక్క వేలి కొస నొక్కి చూసింది.

"వేళ్ళకి ఏమీ కాదని నేను మాటివ్వలేనండి," అన్నది. "అలా అంటే అబద్ధం అవుతుంది. ఎక్కించే మందు వల్ల తిమ్మిరి వస్తుంది, చల్లటి వస్తువు ముట్టుకుంటే జివ్వుమంటుంది. మొదట్లో కొన్నాళ్ళుండి పోతుంది. పోకుండా ఉండిపోవడం మొదలైతే మాత్రం నాకు వెంటనే తెలియాలి. అప్పుడు ఆ మందు తగ్గించవచ్చు, అవసరమైతే ఆపవచ్చు, దాంతోపాటు ఇంట్లో వేసుకోమని ఇచ్చే మాత్రలు మాత్రం కొనసాగిస్తాం. కానీ మీరు దాచకుండా చెప్పాలి. చాలామంది మందు ఆపేస్తామేమోనని దాస్తారు."

"దాచడం నా చేతుల్లో లేదండి. ఈయన మా బావగారు. కాలవల్నే వదల్లేదు, నన్ను వదుల్తారా? పొద్దునా సాయంత్రం లెవెలు రాసేస్తారు."

డాక్టరమ్మ నావైపు తిరిగింది. "మంచిది. రాయండి. జ్వరం చూసి రాయండి, పెరిగితే తెల్లారేదాకా ఆగకుండా మాకు ఫోన్ చేయండి. వేళ్ళ సంగతి రోజూ రాయండి."

ఆ మర్నాడు అతను తనంతట తానే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు. మా ఆవిడ కుంకుమ పెట్టబోతే నుదురు వంచాడు.

కీమో గది నేను ఊహించినట్టు లేదు. కిటికీల పక్కన వరసగా వాలుకుర్చీలు. ఎవరో నిద్రపోతున్నారు, ఎవరో ఫోన్‌లో సీరియల్ చూస్తున్నారు. సిస్టరు వచ్చి నరం కోసం వెతికి, "మీ నరాలు బాగున్నాయండి, ఒక్కసారికే దొరికాయి," అన్నది.

"లైన్లు ఖాళీగానే ఉన్నాయమ్మా. గాలి బుడగ పోకుండా చూడు. డీజిల్లో గాలి చేరితే ఇంజన్ ఆగిపోద్ది."

"మీ ఇంజన్ ఆగదులెండి. అంత మాట్లాడే ఇంజన్ ఎక్కడాగుతుంది?"

రెండు గంటలపైన పట్టింది. నేను ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. అతను సీసాలోంచి పడే చుక్కల్ని చూస్తున్నాడు. కాసేపయ్యాక, "ఏం రాస్తున్నారు?" అన్నాడు. "పదకొండూ పదికి మొదలు. కులాసాగా ఉన్నాడు," అని చదివాను. "కులాసా కొట్టేయండి. కూర్చున్నాడు అని రాయండి, చాలు." కొట్టేశాను.

ఇంటికొచ్చి ఆటో దిగి, గేటు గడియ పట్టుకోగానే కేకపెట్టాడు. "కరెంటు!" అన్నాడు. కరెంటు కాదు, ఇనుము చల్లగా ఉంది, అంతే. కార్తీకం వెళ్ళిపోయి చలి మొదలైంది. ఏటి గాలి మా వీధిలోకి సూటిగా కొడుతుంది. ఆసుపత్రివాళ్ళు చెప్పారు, నేనూ రాసుకున్నాను, కానీ గేటు గడియ చల్లటి వస్తువుల్లోకి వస్తుందని మాకెవరికీ తోచలేదు.

మా ఆవిడ లోపలికి వెళ్ళి పాత పసుప్పచ్చ చీర ఒకటి తెచ్చి, పేలికలుగా చించింది. గేటు గడియకి ఒకటి చుట్టింది. పెరటి పంపుకి, బాత్రూం గొళ్ళేనికి, ఫ్రిజ్ పిడికి, అతని గది తలుపు హ్యాండిలుకి చుట్టింది. స్టీలు గ్లాసులు పైకెక్కించి పింగాణీ కప్పులు దించింది. మజ్జిగ గోరువెచ్చగా చేసి ఇస్తే అతను, "మజ్జిగని ఎవరన్నా వేడి చేస్తారా అక్కా? మన వంశంలో ఎవరన్నా విన్నారా?" అని గొణుక్కుంటూ తాగాడు.

నాలుగో రోజు ఎదురింటావిడ మా గేటు దగ్గర ఆగి, ఆ పసుప్పచ్చ గుడ్డని కళ్ళకద్దుకుంటోంది. మా ఆవిడ వరండాలోంచి చూసింది.

"ఏ దేవుడి ముడుపండీ? మీరు ఎప్పుడు కట్టారు? మా కోడలి నొప్పుల గురించి నేనూ ఒకటి కట్టుకుందామని."

"ముడుపు కాదండీ. మావాడికి ఇనుము చల్లగా తగలకుండా చుట్టాను."

ఆవిడ ఒక్క నిమిషం ఆలోచించి, "అయితే అదే ముడుపు," అని మళ్ళీ కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఆ తర్వాత ఆవిడ మా ఇంటికి వచ్చినప్పుడల్లా గేటు చప్పుడు కాకుండా వేసేది. తన జలుబూ దగ్గూ మావాడికి అంటకూడదని మూతి చుట్టూ కొంగు కప్పుకుని గుమ్మం అవతలే నిలబడి మాట్లాడేది. ఫలానావాళ్ళకి ఇలాగే వచ్చి పోయారనే కబుర్లు ఏనాడూ చెప్పలేదు. అందుకు మేము ఆవిడకి ఎంతో రుణపడి ఉన్నాం.

మొదటి వారం గడిచాక తిమ్మిరి తగ్గింది. రుచి మాత్రం పోయింది, నోట్లో తుప్పు పట్టినట్టు ఉందనేవాడు. పెసరకట్టు ఒక్కటే లోపలికి వెళ్ళేది. ఒక పొద్దున షెడ్డు నుంచి తెప్పించుకున్న గుడ్డసంచీ ఒకటి నా బల్లమీద పెట్టాడు. ఇనప నట్లు.

"పది, పదమూడు, పద్నాలుగు, పదిహేడు, పంతొమ్మిది. ఏ పానా పడితే ఆ నంబరు. నేను కళ్ళు మూసుకుంటా. మీరొకటి నా వేళ్ళమధ్య పెట్టండి. నేను నంబరు చెప్తా, మీరు రాసుకోండి. తిమ్మిరి కాస్తుంది, ఎక్కువుంది అని రాస్తే డాక్టరమ్మకేం అర్థమవుతది? కొలత కావాలి."

అది నా భాష. నేను వెంటనే గళ్ళు గీశాను.

మొదటిరోజు నట్టు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. చల్లగా ఉంది. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి సంచీ మొత్తం తీసుకుని, కొంగులో పోసుకుని, మూటలా పట్టుకుని కుర్చీలో కూర్చుంది. పదినిమిషాలు కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే అరచేతిలో నలిపి అతని వేళ్ళమధ్య పెట్టింది.

"పదిహేడు."

"పదిహేడే," అన్నాను.

"పదమూడు."

"పదమూడే."

"ఇది పద్నాలుగు. అక్కా, నువ్వు నన్ను మోసం చేద్దామని రెండూ పక్కపక్కన ఇస్తున్నావు."

"చిన్నప్పుడు నా జామకాయలు తిన్నందుకురా."

ఆ చలికాలమంతా మా ఇంట్లో రోజు అలా మొదలైంది. ఆరున్నరకి ఆవిడ నట్లు ఒడిలో పెట్టుకునేది, కాఫీ దిగేసరికి అవి వెచ్చబడేవి. కొన్ని రోజులు అతను లేవలేకపోయేవాడు. ఆ రోజుల్లో మంచం పక్కకి వెళ్ళి ఒక్క చేతికే పెట్టేవాళ్ళం. వాంతులైన పూట, "ఇవాళ వద్దు," అంటే మానేసి, ఆ గడిలో అడ్డగీత గీసేవాణ్ణి. మిగతా ఇరవై రెండు అంశాల పట్టిక నేను మళ్ళీ బయటికి తీయలేదు. ఏ రోజుకి ఏది అవసరమో అంతవరకే చెప్పేవాణ్ణి. ఉప్పునీళ్ళు పుక్కిలించు. ఈ పూట నీళ్ళు తక్కువ తాగావు. అంతే.

మూడోసారి అయ్యాక పదమూడునీ పద్నాలుగునీ అప్పుడప్పుడు తారుమారు చేశాడు. నవ్వుకున్నాడు. నాలుగోసారి ఎక్కించి పదిహేను రోజులు దాటినా ఎడమచేతి రెండు వేళ్ళు మేలుకోలేదు. అయిదోసారికి రెండు రోజుల ముందు, మా ఆవిడ ఎడమచేతిలో పంతొమ్మిది పెడితే "పదిహేడు" అన్నాడు.

నేను "పదిహేడే" అనలేదు. అతను కళ్ళు తెరిచి చూసుకున్నాడు. ఆ రెంటికీ మధ్య తేడా నాకు కూడా తెలుస్తుంది.

నేను కలం తీయగానే, "బావగారూ, అది రాయొద్దు," అన్నాడు.

"ఎందుకని?"

"రాస్తే ఆమె మందు తగ్గించేస్తది."

"అందుకేగా రాస్తున్నాం. వేళ్ళ కోసమేగా ఇదంతా."

"అప్పుడు వేళ్ళ కోసం. ఇప్పుడు సగం దాకా వచ్చాను. ఇన్ని రోజులు అక్క ఈ ఇనుముని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటంది. సగంలో మందు తగ్గిస్తే, లోపల ఏదన్నా మిగిలి మళ్ళీ లేస్తే? వేళ్ళు పోతే పోనీండి. పదిహేడు ఇచ్చాం, పదిహేడు అన్నాడు అని రాయండి. ఒక్క అంకె. మీ సొమ్మేం పోయింది?"

లైనరు ముందు కూర్చుని, బతికి నేనేం పీకాలి అన్న మనిషి ఈ మాట అంటున్నాడు. బతకాలని అనుకుంటున్నాడని నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషంలో, అడిగిన అంకె వేసేద్దామా అని కూడా అనిపించింది. మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ మిగతా నట్లు కొంగులో బిగించి పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది. తమ్ముడి పక్షమో, నా పక్షమో చెప్పలేదు.

"పంతొమ్మిది ఇచ్చాం. పదిహేడు అన్నాడు. ఎడమచెయ్యి." అదే రాశాను.

డాక్టరమ్మ ఆ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పి చూసింది. నట్ల సంగతి రెండుసార్లు చెప్పించుకుంది. మూడో నెల గళ్ళ మీద వేలు పెట్టి, ఇక్కడ్నించి ఎడమచెయ్యి మారింది కదా అని పైకే అనుకుంది. తర్వాత అతనితో, ఎక్కించే మందు ఈసారికి ఆపుదాం, మాత్రలు అలాగే సాగుతాయి అని చెప్పింది.

"సగంలో ఆపేస్తే ఎట్టాగండీ?"

"సగంలో ఆపటం లేదండి. చికిత్స ఆగటం లేదు, ఒక్క మందు మాత్రమే ఆగుతోంది. దానివల్ల మీకు జరగాల్సిన మంచిలో చాలావరకు ఇప్పటికే జరిగింది. ఇంకా ఎక్కిస్తే ఆ వేళ్ళు మీకు తిరిగి రాకపోవచ్చు. నాకు మీరూ కావాలి, మీ వేళ్ళూ కావాలి."

ఆటోలో అతను ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చున్నాడు. ఇంటికొచ్చాక నాతో మాటలు మానేశాడు. అక్క పెట్టింది తిన్నాడు, మాత్రలు వేసుకున్నాడు, నాకు అడ్డం రాకుండా తిరిగాడు. రెండో రోజు ఆవిడతో, "నీ మొగుడు కాలవల దగ్గరే ఉండిపోవాల్సింది," అన్నాడట. ఆవిడ నాకు ఆ మాట మోసుకొచ్చి, "నిజమే అన్నాను," అని కూడా చెప్పింది. ఆ రెండు రోజులూ ఆవిడ నట్లు వెచ్చబెట్టింది, ఎవరూ రాకపోతే మళ్ళీ సంచీలో పోసింది. ఆ గళ్ళు ఖాళీగా ఉన్నాయి. అడ్డగీత గీయడానికి నాకు చెయ్యి రాలేదు.

నేను తప్పు చేశానేమోనని ఆ రెండు రోజులూ అనుకున్నాను. ఉన్నదున్నట్టు రాయడం నాకు తెలిసిన ఒకే పని. మొదటి సాయంత్రం కూడా ఉన్నదున్నట్టే చదివాను, మనిషి పారిపోయాడు.

మూడోరోజు పొద్దున నేను పేపరు చదువుతుంటే కుర్చీ జరిగిన చప్పుడైంది. అతను వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. నావైపు చూడలేదు. బల్లమీద మూసి ఉన్న డైరీ నా ముందుకి తోశాడు. కళ్ళు మూసుకుని ఎడమచెయ్యి చాపాడు.

మా ఆవిడ ఒడిలోంచి ఒకటి తీసి అతని వేళ్ళమధ్య పెట్టింది. చాలాసేపు తిప్పి చూశాడు. బొటనవేలితో అంచులు ఒక్కొక్కటీ తడిమాడు.

"తెలీటంలా బావగారూ," అన్నాడు. "అట్టాగే రాయండి."

రాశాను. ఆవిడ అదే నట్టు కుడిచేతిలోకి మార్చింది.

"పద్నాలుగు," అన్నాడు వెంటనే.